బట్టలతో కొలిస్తే తేలని లెక్క: నగ్న ఫొటో ఎప్పుడు కళ, ఎప్పుడు పోర్న్?

1930లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికంని రేకు గరాటులో నిలబెట్టి ఫొటో తీశాడు. ‘పెప్పర్ నంబర్ 30’ అని పేరుపడ్డ ఆ ఫొటోలో ఉన్నది కూరగాయ తప్ప ఇంకేమీ కాదు. అయినా చూసినవాళ్లలో చాలామందికి అందులో వంగిన వీపు, పెనవేసుకున్న ఒళ్లు కనిపించాయి. తన కూరగాయలకు అలాంటి అర్థాలు తీస్తే వెస్టన్‌కి నచ్చేది కాదు. ఆరేళ్ల తర్వాత అదే వెస్టన్ కాలిఫోర్నియాలోని ఓషియానో ఇసుక దిబ్బల మీద చారిస్ విల్సన్‌ని నగ్నంగా ఫొటోలు తీశాడు. ఆ వరసలోని కొన్ని ఫొటోల్లో కంటికి ముందు తగిలేది ఇసుక, నీడ, వంపు. అక్కడో మనిషి పడుకుని ఉందన్న సంగతి ఆ తర్వాత తడుతుంది.

అంటే కూరగాయని చూసి మనసు అటు పోవచ్చు, ఒంటిమీద నూలుపోగు లేని మనిషిని చూసినా పోకపోవచ్చు. ఎంత చర్మం కనబడుతోంది అన్న కొలత ఇక్కడ పనికొచ్చేది కాదు. వైద్య పాఠ్యపుస్తకంలో ఫొటోకి బట్టలుండవు, దాన్ని ఎవరూ బూతు అనరు. ఒంటినిండా బట్టలున్న మనిషిని పెట్టి కూడా పచ్చి పోర్న్ తీయొచ్చు. అయినా ఈ చర్చ ఎప్పుడొచ్చినా అందరూ ముందుగా బయటికి తీసేది ఆ కొలతనే. చూపించారా, ఎంతవరకు చూపించారు, ఏది కప్పారు అనే వాదనలోనే సగం శక్తి అయిపోతుంది.

ఫొటో మన దగ్గర ఏం కోరుతోంది?

పోర్న్‌కి ఒక పని ఉంది. చూసేవాళ్లలో లైంగిక ఉద్రేకం పుట్టించడం. అది మంచా చెడా అన్నది వేరే చర్చ, ఇప్పుడు దాని జోలికి పోవట్లేదు. ఆ ఒక్క పని కోసం ఫ్రేములో ఉన్న ప్రతిదీ ఒకే దిక్కుకి తిరుగుతుంది. లైటు ఎక్కడ పడాలి, కెమెరా ఎంత దగ్గరికి వెళ్లాలి, మోడల్ ఎటు చూడాలి, ముఖంలో ఏం పలికించాలి, అన్నీ ముందే ఖాయం. వెలుతురు సాధారణంగా పరచినట్టు ఉంటుంది, నీడ పడితే చూడాల్సింది దాగిపోతుంది కాబట్టి. ఆ మనిషి ఎవరు, ఏం ఆలోచిస్తోంది, ఆ మచ్చ ఎలా పడింది అనే ప్రశ్నలకు చోటుండదు. ఆ స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టినా పని జరిగిపోతుంది. పని జరిగాక ఆ ఫొటోతో అవసరం తీరుతుంది, ఇంకోటి కావాలి.

ఆర్ట్ న్యూడ్‌కి, అంటే కళగా తీసిన నగ్న ఫొటోకి, ఇలా ఒకటే పని అంటూ ఉండదు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్‌ని చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన ఒక పాత చెక్క కెమెరా సంపాదించాడు. పోలీసులు గదిని మొత్తంగా రికార్డు చేసుకోవడానికి వాడే రకం, బాగా వైడ్ యాంగిల్. దానితో దగ్గరగా తీస్తే మోచేయి కొండంత అవుతుంది, తల దూరంగా చిన్నదైపోతుంది. సముద్రపు ఒడ్డున గులకరాళ్ల మధ్య పెట్టి తీసిన చెవి, వేళ్లు, మోకాలు చూస్తే ఏది రాయో ఏది ఒళ్లో తేల్చుకోవడానికి కాసేపు పడుతుంది. 1961లో ఆ ఫొటోలన్నీ పుస్తకంగా వచ్చాయి. అందులో నగ్నత్వం ఉంది, దాపరికం ఏమీ లేదు. కానీ ఆ ఫొటోలు మన దగ్గర కోరేది నెమ్మదిగా చూడటం. రోజూ అద్దంలో చూసుకునే ఒళ్లు ఇంత కొత్తగా ఉంటుందా అనిపించడం.

కాబట్టి మొదటి మాటగా ఇంతవరకు చెప్పొచ్చు. ఫొటో మనల్ని ఒకే చోటికి తోస్తోందా, లేక తిరిగి చూసినప్పుడల్లా ఇంకేదో దొరుకుతోందా అన్నది పనికొచ్చే పరీక్ష. లైటింగు, భంగిమ, చూపు, నేపథ్యం, ఆ ఫొటో ఏ వరసలో భాగం అన్నవి చూస్తే చాలాసార్లు జవాబు దొరికిపోతుంది.

చాలాసార్లు అన్నాను. ఎప్పుడూ అనలేదు. ఎందుకంటే ఈ పరీక్షకి లొంగని ఫొటోలే అసలు గొడవంతా తెచ్చాయి. పైగా ముఖం కనపడకుండా తీస్తే కళ అయిపోతుందన్న నమ్మకం ఒకటి ఫొటోగ్రాఫర్లలో బాగా ఉంది. ముఖం దాస్తే ఒళ్లు ఆకారంగా మారుతుంది, నిజమే. ఆ మనిషి మాయమైపోతుందన్నది కూడా అంతే నిజం. మనిషిని శరీరభాగాలుగా ముక్కలు చేస్తుందని పోర్న్ మీద వేసే నింద ఈ తరహా ‘కళాత్మక’ ఫొటోలకు కూడా తగులుతుంది.

ఉద్రేకం కలిగితే కళ కాదా?

1990లో అమెరికాలోని సిన్సినాటీ నగరంలో ఒక మ్యూజియాన్నీ దాని డైరెక్టర్ డెన్నిస్ బారీనీ కోర్టుకి లాగారు. అంతకుముందు ఏడాదే చనిపోయిన రాబర్ట్ మాపుల్‌థార్ప్ ఫొటోల ఎగ్జిబిషన్ పెట్టినందుకు. మొత్తం 175 ఫొటోల్లో ఏడింటి మీద కేసు. వాటిలో ఐదింటిలో పురుషుల మధ్య లైంగిక చర్యలు, కట్టివేతలు, నొప్పితో కూడిన క్రీడలు ఏ ముసుగూ లేకుండా ఉన్నాయి. వాషింగ్టన్‌లోని కోర్కొరన్ గ్యాలరీ ఇలాంటి గొడవ వస్తుందని భయపడి 1989లోనే అదే ఎగ్జిబిషన్‌ని రద్దు చేసుకుంది.

కోర్టులో డిఫెన్స్ తరఫున వచ్చిన మ్యూజియం నిపుణులు ఏం చెప్పారన్నది ఆసక్తికరం. వాళ్లు కాంపొజిషన్ (ఫ్రేములో అమరిక) గురించి, వెలుగు పడిన తీరు గురించి, ఆకారాల పొందిక గురించి మాట్లాడారు. ప్రాసిక్యూషన్ మాత్రం ఆ ఫొటోలనే చూపించి ‘ఇంకేం చెప్పాలి’ అన్న ధోరణిలో వాదించింది. జ్యూరీలో ఉన్నవాళ్లు కళారంగం మనుషులు కారు. ఆ ఫొటోలు తమకు నచ్చినా నచ్చకపోయినా నిపుణులు కళ అంటున్నప్పుడు కాదనలేమన్నట్టుగా నిర్దోషులని తీర్పిచ్చారు.

తీర్పు సరైనదే అనుకుంటాను. గెలిచిన వాదన మీద మాత్రం నాకు అనుమానం ఉంది. కళ్లెదుట ఉన్న లైంగిక చర్యని వదిలేసి దాని చుట్టూ ఉన్న జ్యామితిని పొగడటం ఒక రకంగా తప్పించుకోవడమే. మాపుల్‌థార్ప్ ఆ దృశ్యాలను పువ్వులను తీసినంత శ్రద్ధగా, అదే చల్లటి పద్ధతిలో తీశాడు. ఆ ఫొటోల బలం అంతా ఆ ఇబ్బందికరమైన కలయికలోనే ఉంది. సెక్స్ ఉంది కాబట్టి కళ కాదు అనేవాళ్లూ, కళ కాబట్టి అందులో సెక్స్ లేదు అనేవాళ్లూ నిజానికి ఒకే మాట నమ్ముతున్నారు. రెండూ ఒకచోట ఉండలేవని.

ఉండగలవు. ఉద్రేకం కలిగించడం ఒక లక్షణం. ఆలోచన, చూపు, పనితనం ఉండటం ఇంకో లక్షణం. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదన్న రూలేమీ లేదు. రెండూ ఉన్న ఫొటోలున్నాయి. రెండూ లేని న్యూడ్‌లు అయితే లెక్కలేనన్ని. నలుపు తెలుపులో తీసి, పక్కనుంచి లైటు వేసి, కిటికీ దగ్గర నిలబెట్టి ‘ఫైన్ ఆర్ట్’ అని రాసుకునేవి. అవి బూతు కావు, అలాగని కళ కూడా కావు. ‘కళ’ అన్నది పవిత్రతకి ఇచ్చే సర్టిఫికెట్ అనుకోవడంతో ఈ చర్చలో సగం చిక్కు వస్తోంది.

మాపుల్‌థార్ప్ కథలో ఇంకో మలుపు జపాన్‌ది. ఆయన ఎగ్జిబిషన్ కేటలాగ్ ఒకటి అశ్లీలమేనని 1999లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. 2008లో అదే ఫొటోగ్రాఫర్ ఫొటోల పుస్తకం మీద అదే కోర్టు అశ్లీలం కాదంది. ఫొటోలు తీసిన మనిషి అప్పటికే లేడు, ఫొటోలూ మారలేదు. తొమ్మిదేళ్లలో మారింది చూసేవాళ్లే.

తీసినవాడి ఉద్దేశం తెలిస్తే సరిపోతుందా?

ఉద్దేశం చూడాలి అనడం తేలిక. ఫొటోగ్రఫీ ప్రపంచానికి ప్రకటితమైంది 1839లో. ఆ తర్వాత కొన్నేళ్లకే నగ్న ఫొటోలు వచ్చేశాయి. పారిస్‌లో వాటిని చిత్రకారుల అధ్యయనం కోసం అన్న పేరుతో అమ్మేవాళ్లు. ఆ అవసరం నిజంగానే ఉంది. చిత్రకారుడు దెలాక్రువా 1850ల్లో యూజీన్ ద్యురియూ తీసిన నగ్న ఫొటోలు ముందు పెట్టుకుని బొమ్మలు గీశాడు. అయితే బ్రష్షు పట్టడం రాని కొనుగోలుదారులు కూడా దండిగా ఉండేవాళ్లు. ఒకే రకం ఫొటో, ఒకే పేరు. కొన్నవాళ్ల ఇంట్లో అది ఏమైందో వాళ్లకే తెలుసు.

దీనికి పూర్తి ఎదురుగా ఇ.జె. బెలాక్ కథ. ఆయన న్యూ ఆర్లియన్స్‌లో మామూలు వ్యాపార ఫొటోగ్రాఫర్. 1912 ప్రాంతంలో అక్కడి వేశ్యావాటిక స్టోరీవిల్‌లోని ఆడవాళ్లను ఫొటోలు తీశాడు. కొందరు బట్టలతో, కొందరు లేకుండా. 1949లో ఆయన చనిపోయాక గాజు ప్లేట్లు మాత్రం మిగిలాయి. వాటిని 1960ల్లో లీ ఫ్రీడ్‌లాండర్ అనే ఫొటోగ్రాఫర్ కొని ప్రింట్లు వేశాడు. 1970లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం గోడకెక్కాయి. కొన్ని ప్లేట్ల మీద ఆడవాళ్ల ముఖాలను ఎవరో గీకేశారు. అవి ప్రకటనల కోసం తీసినవా, తనకోసం తీసుకున్నవా, ఆ ఆడవాళ్లే అడిగి తీయించుకున్నారా అన్నదానికి ఆధారం లేదు.

కానీ ఆ ఫొటోల్లో ఉన్న ఆడవాళ్లు హాయిగా కూర్చుని ఉంటారు. ఒకామె చారల మేజోళ్లు వేసుకుని చేతిలో మద్యం గ్లాసుని చూస్తూ ఉంటుంది. వాళ్ల గది, గోడమీది పటాలు, అలసట, సరదా అన్నీ కనబడతాయి. ఎందుకోసం తీసినా, ఫొటోలో దొరికేది ఆ ఉద్దేశాన్ని దాటిపోయింది. ఉద్దేశం తెలిస్తే మనకు సాయమే. అది తీర్పు కాదు.

చూసే కన్ను ఎవరిదన్న సంగతి కూడా ఉంది. 1972లో బ్రిటిష్ కళా విమర్శకుడు జాన్ బెర్జర్ యూరోపియన్ తైలవర్ణ చిత్రాల్లోని నగ్న స్త్రీల గురించి ఒక మాట గట్టిగా అన్నాడు. ఆ చిత్రాల్లో ముఖ్యపాత్ర బొమ్మలో ఉండడు, బొమ్మ ముందు నిలబడి చూస్తుంటాడు, అతను మగవాడని చిత్రకారుడు ముందే అనుకుంటాడు అని. అంటే మ్యూజియం గోడమీద ఉన్నంత మాత్రాన ఆ చూపు అమాయకమైనదేమీ కాదు. బంగారు ఫ్రేము, ఖరీదైన కాగితం, చదువుకున్న ప్రేక్షకులు ఉంటే ‘కళ’, చవకరకం కాగితం మీద వస్తే ‘బూతు’ అనే తేడా చరిత్రలో చాలాచోట్ల వర్గభేదమే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1915లో తన భర్తని మౌంట్ రేనియర్ మీద నగ్నంగా ఫొటోలు తీస్తే, అవి అచ్చయ్యాక పెద్ద గొడవైంది. మగవాళ్లు ఆడవాళ్లను అలా తీయడం అప్పటికి ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. తిరగబడిన కెమెరా చూసేసరికి ఉలిక్కిపడ్డారు.

కోర్టులు అడిగేది వేరే ప్రశ్న

చట్టం ‘ఇది కళా, పోర్నా’ అని అడగదు. ‘ఇది అశ్లీలమా’ అని అడుగుతుంది. 1868లో ఇంగ్లండ్‌లో హిక్లిన్ కేసు ఇచ్చిన కొలత ప్రకారం, చెడు ప్రభావానికి లొంగిపోయే మనసున్నవాళ్లను పాడుచేసే గుణం ఉంటే చాలు, అశ్లీలమే. ఎంత బలహీనమైన పాఠకుడిని ఊహించుకుంటే అంత కఠినమైన తీర్పు అన్నమాట. అమెరికాలో 1964లో జడ్జి పాటర్ స్టువర్ట్ నిర్వచనం జోలికి పోకుండా ‘చూస్తే నాకు తెలిసిపోతుంది’ అని రాశాడు. అందరూ నవ్వుకునే మాట, కానీ మనలో ఎక్కువమంది చేసే పని అదే. 1973లో మిల్లర్ కేసుతో మూడంచెల పరీక్ష వచ్చింది. సమకాలీన సమాజ ప్రమాణాలతో చూసే సగటు మనిషికి అది కామాసక్తిని రెచ్చగొట్టేదిగా అనిపించాలి. లైంగిక చర్యని రోతపుట్టేలా చూపాలి. మొత్తంగా చూస్తే సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువ గట్టిగా ఏదీ ఉండకూడదు. మూడూ కలిస్తేనే అశ్లీలం.

భారత సుప్రీంకోర్టు చాలాకాలం హిక్లిన్ దారిలోనే నడిచింది. దాన్ని వదిలేసింది 2014లో, అవీక్ సర్కార్ కేసులో. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, అతను పెళ్లాడబోతున్న బార్బరా ఫెల్టస్ నగ్నంగా ఉన్న ఫొటో ఒక జర్మన్ పత్రికలో వచ్చింది. 1993లో ఇక్కడి పత్రికలు దాన్ని మళ్లీ వేసుకున్నాయి. ఫొటో తీసింది ఎవరో కాదు, ఫెల్టస్ తండ్రే. బెకర్ తెల్లవాడు, ఫెల్టస్ నల్లజాతి మూలాలున్న అమ్మాయి. జాతివివక్షకు ఎదురుగా నిలబడాలన్నది ఆ ఫొటో చెప్పే మాట. సందర్భంలో పెట్టి చూడాలి, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలి, నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదు అని కోర్టు తేల్చింది. అంతకు ముందు 1996లో ‘బాండిట్ క్వీన్’ సినిమా కేసులోనూ, ఊరిమధ్య ఒక స్త్రీని నగ్నంగా నడిపించే సన్నివేశం చూసేవాళ్లలో కోరికని కాదు, ఆమె మీద జాలినీ చేసినవాళ్ల మీద అసహ్యాన్నీ పుట్టిస్తుందని ఇదే కోర్టు అంది.

కోర్టుల సంగతి ఇలా మెల్లగా మెరుగవుతుంటే, ఇప్పుడు రోజువారీ తీర్పులు ఇచ్చేది ప్లాట్‌ఫారాలు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నియమాల్లో పెయింటింగులు, శిల్పాల్లోని నగ్నత్వానికి అనుమతి ఉంది, ఫొటోలకు దాదాపుగా లేదు. అనుమతి ఉన్నవి కూడా యంత్రం కంట్లో పడితే తప్పించుకోలేవు. పాతరాతియుగం నాటి ‘వీనస్ ఆఫ్ విల్లెన్‌డోర్ఫ్’ బొమ్మ ఫొటోని ఫేస్‌బుక్ తీసేసి, 2018లో క్షమాపణ చెప్పుకుంది. ఆ బొమ్మ ఎత్తు 11 సెంటీమీటర్లు, వయసు పాతిక వేల ఏళ్ల పైమాట. విసిగిపోయిన వియన్నా పర్యాటక సంస్థ 2021లో తన మ్యూజియాల్లోని నగ్న కళాఖండాలను తీసుకెళ్లి ఓన్లీఫ్యాన్స్‌లో పెట్టింది. పెద్దలకు మాత్రమే అన్న కంటెంటుకి పేరుపడ్డ చోట క్లాసిక్ కళ తలదాచుకోవాల్సి వచ్చింది.

ముందు అడగాల్సిన ప్రశ్న

ఇంతదాకా మాట్లాడిందంతా చూసేవాళ్ల వైపు నుంచి. కెమెరా ముందు నిలబడిన మనిషి వైపు నుంచి చూస్తే కళా, పోర్నా అన్న ప్రశ్న రెండో స్థానానికి పోతుంది. ఆ మనిషి దేనికి ఒప్పుకుంది? ఒప్పుకోగల వయసు, స్వేచ్ఛ ఉన్నాయా? తను ఒప్పుకున్న చోటే ఆ ఫొటో ఉందా?

పిల్లల విషయంలో మొదటి అడుగులోనే చర్చ ముగుస్తుంది. వాళ్లను లైంగికంగా చూపించడానికి ‘కళ’ అన్న సాకు చెల్లదు, వాళ్ల ఒప్పుకోలుకి చట్టంలో అర్థం లేదు. ఇక పెద్దవాళ్ల విషయం. ఇద్దరు పెద్దలు ఇష్టపడి, అన్నీ తెలిసి సంతకం పెట్టి తీసిన పోర్న్ ఉండొచ్చు. మోడల్‌ని ఒత్తిడి చేసి తీసిన గొప్ప కళాఖండమూ ఉండొచ్చు. రెండో దాంట్లో అన్యాయం ఎక్కువ. అయినా మన సమాజాల్లో పరువు దానికే ఎక్కువ.

జపాన్ ఫొటోగ్రాఫర్ నొబుయోషి అరాకీ పేరు ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. ఆయన న్యూడ్‌లను ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలు చూపించాయి. ఆయన దగ్గర ఏళ్ల తరబడి మోడల్‌గా చేసిన ఒకామె 2018లో బహిరంగంగా రాసింది. తనతో రాతపూర్వక ఒప్పందం లేదని, తన ఫొటోలు తనకు చెప్పకుండానే పుస్తకాలుగా, వస్తువులుగా వచ్చాయని. కళాకారుడి స్వేచ్ఛ కోసం అంత గట్టిగా వాదించిన ప్రపంచానికి, ఆ స్వేచ్ఛకి ముడిసరుకు అయిన మనిషి గుర్తురావడానికి అంతకాలం పట్టింది.

బాధ్యత తెలిసిన ఫొటోగ్రాఫర్లు దీనికి పెద్ద సిద్ధాంతాలేమీ వల్లించరు. షూట్‌కి ముందే ఏం తీస్తారో, ఏం తీయరో మాట్లాడుకుంటారు. మోడల్ తనకు కావాల్సిన మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. ముట్టుకోరు. మోడల్ అనుమతి రాసిచ్చే రిలీజ్ ఫారంలో గ్యాలరీకా, పుస్తకానికా, ఆన్‌లైన్‌కా, ప్రకటనలకా అని విడివిడిగా రాస్తారు. ఈ చివరి సంగతి ఇప్పుడు మరీ ముఖ్యం. ఎగ్జిబిషన్ కోసం ఒప్పుకున్న ఫొటోని ఒక్క స్క్రీన్‌షాట్‌తో పోర్న్ సైటులోకి చేర్చేయొచ్చు. ఫొటోలో ఒక్క పిక్సెల్ మారకుండానే దాని పని మారిపోతుంది. అసలు ఎవరూ తీయని నగ్న ఫొటోని డీప్‌ఫేక్‌తో పుట్టించే రోజులివి. అందులో కాంపొజిషన్ ఎంత బాగుంది అని ఎవరైనా అడిగితే ఏమనాలి?

సందర్భం మారడం రెండోవైపు కూడా జరుగుతుంది. 1972 నవంబరు ప్లేబాయ్ పత్రిక మధ్య పేజీలో వచ్చిన ఒక స్వీడిష్ మోడల్ నగ్న ఫొటోని, మరుసటి ఏడాది దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని ఇంజినీర్లు స్కాన్ చేశారు. ముఖం, టోపీ, భుజం వరకే కత్తిరించి వాడుకున్నారు. ‘లెనా’ పేరుతో అది దశాబ్దాల పాటు ఇమేజ్ ప్రాసెసింగ్ పరిశోధనలో ప్రామాణిక టెస్ట్ ఫొటోగా చలామణీ అయింది. ఎన్నో పరిశోధన పత్రాల్లో అచ్చయింది. ఆ కత్తిరించిన ముక్కలో నగ్నత్వం లేదు, ఏ కోర్టూ దాన్ని అశ్లీలం అనదు. ప్లాట్‌ఫారాల ఫిల్టరూ దాన్ని ఆపదు. మోడలింగ్ నుంచి ఎప్పుడో రిటైరయ్యాను, ఇక టెక్నాలజీ నుంచి కూడా రిటైర్ కావాల్సిన సమయం వచ్చిందని ఆ మోడల్ 2019లో అంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ ఫొటో ఉన్న కొత్త పత్రాలను తీసుకోబోమని పరిశోధన పత్రికలు నడిపే ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ప్రకటించింది. చెప్పిన కారణాల్లో ఫొటోలోని మనిషి కోరిక ఒకటి.